సంచి పక్కనే పొయ్యి: టూరింగ్ బైక్‌కి సైలెన్సర్ మార్చేటప్పుడు అసలు లెక్కలు

హైదరాబాద్‌లోనో విశాఖలోనో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పరిచి, వాటి మీదుగా రోలర్ నడిపించే వీడియో మళ్లీ వాట్సాప్‌లోకి వచ్చిందంటే చాలు, బైక్ మీద ఊళ్లు తిరిగేవాళ్ల గ్రూపుల్లో రెండు రోజులు అదే చర్చ. సైలెన్సర్ మార్చడమే నేరమా, మోత ఎక్కువైతేనే నేరమా? సైలెన్సర్ మీద యూరప్ అనుమతిని చూపే 'ఇ' ముద్ర ఉంటే వదిలేస్తారా? మోత తగ్గించడానికి మూతిలో బిగించే డీబీ కిల్లర్ పెట్టుకుంటే సరిపోతుందా? ఒక్కొక్కరిది ఒక్కో మాట. టూరింగ్ చేసేవాళ్లకు మాత్రమే ఉండే ఇంకో చిక్కు మాత్రం ఆ గోలలో ఎవరికీ గుర్తురాదు. కొత్త సైలెన్సర్‌కి జానెడు దూరంలో వేలాడే బట్టల సంచి సంగతి.

ఊళ్లో తిరిగే బండికి సైలెన్సర్ అంటే శబ్దం, అందం. రెండు పక్కలా శాడిల్ బ్యాగులు కట్టుకుని హైదరాబాద్ నుంచి విశాఖ దాకా ఆరు వందల పైచిలుకు కిలోమీటర్లు పోయే బండికి అది ముందు ఒక పొయ్యి. మిగతావన్నీ ఆ తర్వాతే. ఈ వరస తలకిందులు చేసుకుని కొన్నవాళ్లే ఎక్కువ బాధపడటం చూశాను. అందులో నేనూ ఉన్నాను.

బెండు పైపు నుంచి మూతి దాకా ఏముంటుంది

ఇంజిన్ ముందు నుంచి బయటికొచ్చి కిందికి వంగే గొట్టాన్ని మెకానిక్‌లు బెండు పైపు అంటారు. దానికి తగిలించి ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి, పెట్రోలు ఎక్కువ పడుతోందా తక్కువ పడుతోందా అన్నది ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటరుకి, చెప్పడం దాని పని. ఆ తర్వాత, బండిని బట్టి ఇంజిన్ కిందో, సైలెన్సర్ మొదట్లోనో, కేటలిటిక్ కన్వర్టర్ వస్తుంది. షెడ్డు భాషలో 'క్యాట్'. లోపల తేనెపట్టులాంటి సన్నటి గదులు, వాటి మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాల పూత. కార్బన్ మోనాక్సైడు, కాలకుండా మిగిలిన పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడులు ఇక్కడే మారిపోతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 పొగ ప్రమాణాలను అందుకోవడంలో దీని వాటా పెద్దది. చిట్టచివర మన కంటికి కనిపించే డబ్బా సైలెన్సర్.

ఆ చివరి డబ్బా ఒక్కటే మారిస్తే దాన్ని స్లిప్-ఆన్ అంటారు. బెండు పైపుతో సహా మొత్తం మారిస్తే ఫుల్ సిస్టమ్. పేరుకి ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, క్యాట్ ఉంటుందా పోతుందా అన్నది చాలా బండ్లలో దీన్నిబట్టే తేలుతుంది. క్యాట్ డబ్బాలోనే ఉన్న బండి అయితే స్లిప్-ఆన్ పెట్టినా క్యాట్ పోతుంది. కాబట్టి కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: 'నా బండిలో క్యాట్ ఎక్కడుంది?'

డబ్బా లోపల శబ్దాన్ని తగ్గించే పద్ధతులు రెండు. కంపెనీ సైలెన్సర్లలో ఎక్కువగా గదుల పద్ధతి ఉంటుంది. పొగ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మలుపులు తిరుగుతూ పోతుంటే శబ్దతరంగాలు గోడలకు కొట్టుకుని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బయట కొనే సైలెన్సర్లలో ఎక్కువ శాతం ఉన్ని పద్ధతి. మధ్యలో చిల్లుల గొట్టం, దాని చుట్టూ గాజు ఉన్ని. శబ్దాన్ని ఆ ఉన్ని పీల్చుకుంటుంది. ఇది తేలిక, పొగకు అడ్డు తక్కువ. కానీ ఉన్ని శాశ్వతం కాదు. వేడికి కాలి, కొద్దికొద్దిగా పొడై మూతిలోంచి ఎగిరిపోతుంది. కొన్నరోజు మెత్తగా ఉన్న శబ్దం కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత గరగరలాడుతుంది. ఊళ్లో నడిపేవాడికి రెండేళ్లలో వచ్చే ఈ అరుగుదల టూరింగ్ చేసేవాడికి ఒకటి రెండు పెద్ద ట్రిప్పుల్లోనే వచ్చేస్తుంది.

డీబీ కిల్లర్ అంటే మూతిలో ఒక బోల్టుతోనో క్లిప్పుతోనో బిగించే చిన్న గొట్టం. అది మూతిని ఇరుకు చేసి శబ్దం తగ్గిస్తుంది. ఒక్క అల్లెన్ కీతో నిమిషంలో ఊడొస్తుంది కాబట్టి, అది ఉందని చూపించి బండిని సమర్థించుకోవడం తేలిక. ఊడదీసి తిరగడమూ అంతే తేలిక. పోలీసులకు దాని మీద నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే.

సంచి కాలేది హైవే మీద కాదు

శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి తొమ్మిదికి మూసి, పొద్దున ఆరింటికి తీస్తారు. అమ్రాబాద్ పులుల అడవి కదా. ఓ డిసెంబరులో ఐదున్నరకే చేరి గేటు ముందు లైన్లో నిలబడ్డాం. చలికి చేతులు కొంకర్లు పోతుంటే ఇంజిన్ ఆపకుండా, దాని పక్కన చేతులు కాచుకుంటూ కబుర్లు. గేటు లేచే సమయానికి కాలిన ప్లాస్టిక్ వాసన. ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నాను. కుడిపక్క సంచికి తొడిగిన రెయిన్ కవర్ జారి కొత్త సైలెన్సర్ మీద వాలి, నల్లటి జిగురులా అతుక్కుపోయింది. హైదరాబాద్ నుంచి ఆ దారంతా ఎనభై మీద వస్తే ఏమీ కాలేదు. నిలబెట్టిన అరగంటలో కాలింది.

కారణం సులువే. బండి నడుస్తున్నప్పుడు గాలి డబ్బా మీది వేడిని ఊడ్చుకుపోతుంది, కవర్‌ని కూడా వెనక్కి లాగి పట్టుకుంటుంది. ఆగి, ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు లోపల వేడి వస్తూనే ఉంటుంది, తీసుకుపోయే గాలి ఉండదు. టోల్ గేటు, రైల్వే గేటు, టీ కొట్టు, ఘాట్‌లో లారీ చెడిపోయి ఆగిన ట్రాఫిక్... సంచికి గండాలు ఇవే. క్యాట్ లోపల సుమారు 250, 300 డిగ్రీల వేడి వస్తే గానీ అది పని మొదలుపెట్టదు. ఇక సంచుల గుడ్డ విషయానికొస్తే, నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది. పాలియెస్టర్ కూడా 250కి కాస్త అటూ ఇటూ. కానీ సంచి చెడిపోవడానికి గుడ్డ కరిగేదాకా పోనక్కర్లేదు. నీళ్లు పట్టకుండా వేసిన పూత, పీవీసీ పట్టీలు అంతకు చాలా ముందే మెత్తబడతాయి. పీవీసీ అయితే వంద డిగ్రీల లోపే. సంచి బయటికి బాగానే ఉంటుంది, వర్షం పడ్డాకే లోపలి బట్టలు తడిసి అసలు సంగతి బయటపడుతుంది.

కంపెనీ సైలెన్సర్లు చాలావాటికి పైన ఇంకో రేకు తొడుగు ఉంటుంది. మధ్యలో గాలి ఖాళీ. అది ప్యాంటు కోసమూ, వెనక కూర్చున్నవాళ్ల కాలి కోసమూ పెట్టిందే గానీ, సంచికీ అదే రక్ష. బయటివాటిలో బరువు తగ్గించడానికి ఈ తొడుగుని తీసేస్తారు. ఇక్కడొక అపోహ కూడా ఉంది: టైటానియం డబ్బా చల్లగా ఉంటుందని. టైటానియం సాంద్రత స్టీలులో సగానికి కాస్త ఎక్కువ, అందుకే తేలిక. చల్లదనానికీ దానికీ సంబంధం లేదు. పల్చటి రేకు కాబట్టి త్వరగా వేడెక్కుతుంది కూడా. కార్బన్ ఫైబర్ తొడుగు పైకి కాస్త తక్కువ వేడిగా తగులుతుంది, అయితే లోపలి ఉన్ని కాలిపోయాక ఆ కార్బన్‌ని పట్టి ఉంచే రెసిన్ కూడా దెబ్బతింటుంది.

డబ్బా ఒంటి వేడి ఒక ఎత్తు, మూతిలోంచి వచ్చే పొగ ఇంకో ఎత్తు. పొడవాటి కంపెనీ సైలెన్సర్ మూతి సాధారణంగా సంచి వెనక అంచు దాటి ఉంటుంది, పొగ బయటికి పోతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉండే పొట్టి డబ్బాల మూతి చాలాసార్లు సంచి కిందే ఆగిపోతుంది. వేడి పొగ నేరుగా సంచి అడుగుకి కొడుతుంది. మూతి పైకి తిరిగి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. నా లెక్కలో టూరింగ్ బండికి పొట్టి డబ్బా వద్దనడానికి ఈ ఒక్క కారణం చాలు.

టేపు పట్టుకునే ముందు సంచి నింపాలి

ఖాళీ సంచిని తగిలించి 'నాలుగు వేళ్ల దూరం ఉంది, చాలు' అనుకోవడం అందరూ చేసే పొరపాటు. ఎనిమిది కిలోల సామాను వేస్తే మెత్తటి సంచి అడుగు కిందికి జారుతుంది, బొజ్జలా లోపలికి ఉబ్బుతుంది. పట్టీలు మొదటి వంద కిలోమీటర్లలో ఇంకాస్త సాగుతాయి.

గుంటలో పడ్డప్పుడు షాకబ్జార్బర్ దిగుతుంది కాబట్టి సంచికీ సైలెన్సర్‌కీ మధ్య ఖాళీ తగ్గుతుందని కొందరు చెబుతారు. చాలా బండ్లలో అది నిజం కాదు. సైలెన్సర్‌నీ, సంచినీ మోసేది సీటు కింద ఉండే ఒకే చట్రం, సబ్‌ఫ్రేమ్. అవి రెండూ కలిసే దిగుతాయి, కలిసే లేస్తాయి. ఖాళీ మారేది సంచి ఊగినప్పుడు. పక్కన రాక్ లేకుండా సీటు మీదుగా వేసిన సంచి గతుకుల్లో రెక్కల్లా కొట్టుకుంటుంది. అందుకే మెత్తటి సంచులు వాడేవాళ్లకు సైలెన్సర్ కన్నా ముందు కావాల్సింది సంచిని బయటికి ఆపి ఉంచే స్టే, అంటే పక్క కమ్మీ. వెయ్యి రెండు వేల రూపాయల ఇనుము చేసే పనిని ముప్పై వేల రూపాయల టైటానియం చెయ్యలేదు.

గట్టి అల్యూమినియం పెట్టెలు వాడేవాళ్లకు కాలడం బాధ తక్కువ, వెడల్పు బాధ ఎక్కువ. సైలెన్సర్ ఉన్నవైపు రాక్ బయటికి జరిగి ఉంటుంది, లేదా ఆ వైపు పెట్టెకు లోపలివైపు కోత ఉంటుంది. రాక్‌లు తయారుచేసేది కంపెనీ సైలెన్సర్ కొలతలకే. కొత్త డబ్బా లావైనా, బిగించే చోటు మారినా రాక్ కమ్మీకి తగిలి టకటకమంటుంది. ఇంటర్‌సెప్టర్ 650 లాంటి బండికి రెండు వైపులా సైలెన్సర్లే కాబట్టి ఈ లెక్కలన్నీ రెండింతలు.

ఎవరూ అడగని ఇంకో ప్రశ్న: చక్రం ఊడొస్తుందా? ట్యూబు టైర్ల బండికి పంక్చర్ పడితే వెనక చక్రం ఇప్పాలి, దానికి ఇరుసు పక్కకు లాగాలి. కంపెనీవాడు ఇరుసుకి దారి వదిలి సైలెన్సర్ పెడతాడు. కిందుగా పోయే కొత్త డబ్బా ఆ దారికి అడ్డం పడితే, మారేడుమిల్లి అడవిలో పంక్చర్ వేయడానికి ముందు వేడి సైలెన్సర్ విప్పుకుంటూ కూర్చోవాలి. కొనేముందు షెడ్డులోనే ఇరుసుకి పానా పట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఒక హార్స్‌పవర్ కోసం

'కంపెనీ సైలెన్సర్ ఇంజిన్ గొంతు నొక్కేస్తుంది, తీసేస్తే బండి ఎగురుతుంది' అనేది ఒక వాదన. 'బ్యాక్ ప్రెషర్ లేకపోతే పికప్ పోతుంది' అనేది దానికి పూర్తిగా ఎదురు వాదన. రెండింటిలోనూ కొంచెం కొంచెం నిజముంది.

పొగకు అడ్డుగా నిలిచే ఒత్తిడి ఇంజిన్‌కి ఎప్పుడూ నష్టమే. కాబట్టి బ్యాక్ ప్రెషర్ 'కావాలి' అన్నమాట తప్పు. ఇంజిన్‌కి కావాల్సింది పొగ వేగం, ఒత్తిడి తరంగాల సమయం. వాల్వు తెరుచుకోగానే ఒక ఒత్తిడి తరంగం గొట్టంలో పరిగెడుతుంది. గొట్టం వెడల్పయ్యే చోట అది తిరగబడి, ఈసారి లాగే తరంగమై వెనక్కి వస్తుంది. అది సరిగ్గా రెండు వాల్వులూ కొద్దిసేపు తెరిచి ఉన్నప్పుడు చేరితే మిగిలిన పొగను లాగేసి కొత్త గాలికి దారి ఇస్తుంది. ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఇది కుదరాలో నిర్ణయించేది ఎక్కువగా బెండు పైపు పొడవు, వెడల్పు. మరీ వెడల్పు గొట్టం పెడితే తక్కువ ఆర్‌పీఎంలో పొగ నెమ్మదిస్తుంది, ఘాట్‌లో రెండో గేరులో లాగాల్సిన చోట బండి నీరసపడుతుంది. జనం 'బ్యాక్ ప్రెషర్ పోయింది' అనేది ఈ అనుభవాన్నే. చివరి డబ్బా ఒక్కటి మారిస్తే ఇవేవీ పెద్దగా మారవు. స్లిప్-ఆన్‌తో వచ్చేది, వస్తే గిస్తే, పై ఆర్‌పీఎంలో ఒక హార్స్‌పవర్ అటూ ఇటూ.

దీన్ని టూరింగ్ లెక్కలోకి తెద్దాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బరువు 196 కిలోలు, పవర్ 8000 ఆర్‌పీఎం దగ్గర 40 పీఎస్ (పీఎస్ అంటే ఇంచుమించు హార్స్‌పవరే). 75 కిలోల మనిషి, 20 కిలోల సామాను కలిపితే దాదాపు 290 కిలోలు. గంటకు 90 మీద సాగిపోతున్నప్పుడు గాలి అడ్డునూ, టైర్ల అడ్డునూ దాటడానికి స్థూలంగా పది, పన్నెండు పీఎస్ చాలు. అంటే 8000 దగ్గర పెరిగిన ఆ ఒక్క పీఎస్ రోజంతా తలుపు తట్టకుండానే ఉండిపోతుంది. రెండు సంచుల వల్ల గాలి అడ్డు పదో వంతు పెరిగిందనుకున్నా, ఆ వేగంలో దాదాపు ముప్పావు పీఎస్ అక్కడే ఖర్చు. కొత్త సైలెన్సర్ ఇచ్చేదాన్ని సంచులు తినేస్తాయన్నమాట. మూడు కిలోల బరువు తగ్గిందన్నా 290లో అది ఒక శాతం. రెండో జత బూట్లు ఇంట్లో వదిలేసినా ఇంచుమించు అంతే తగ్గుతుంది.

పెట్రోలు మ్యాపింగ్, అంటే ఎంత పెట్రోలు పోయాలో ఈసీయూలో ఉండే లెక్క, దాని గురించి రెండు మాటలు. సెన్సర్, క్యాట్ రెండూ దాటాక వచ్చే డబ్బా మారిస్తే మామూలు వేగాల్లో ఈసీయూ తనే సర్దుకుంటుంది. క్యాట్ తీసేసిన ఫుల్ సిస్టమ్‌కైతే ఈసీయూ ట్యూనింగో, ఆ లెక్కను సవరించడానికి ఈసీయూకి అదనంగా తగిలించే పిగ్గీబ్యాక్ పెట్టెో కావాలంటారు. అక్కడితో ఖర్చు రెండింతలు. థ్రాటిల్ వదిలినప్పుడు వచ్చే 'టప్ టప్' చప్పుడు పవర్‌కి గుర్తు అనుకునేవాళ్లున్నారు. కాలని పెట్రోలు సైలెన్సర్లో కాలడమే అది. చాలాసార్లు జాయింటు దగ్గర గ్యాస్కెట్ సరిగా కూర్చోక గాలి లీకవుతోందని అర్థం.

దూరం చెప్పని డెసిబెల్

మోత గురించి వాదించుకునేటప్పుడు అందరూ అంకెలు చెబుతారు, ఆ అంకె ఎక్కడ కొలిచిందో ఎవరూ చెప్పరు. సగం గందరగోళం ఇక్కడే.

డెసిబెల్ మామూలు కూడికల లెక్క కాదు. మూడు పెరిగితే శబ్దశక్తి రెట్టింపు. పది పెరిగితే శక్తి పది రెట్లు, చెవికి మాత్రం సుమారు రెట్టింపు మోతలా అనిపిస్తుంది. దూరం రెట్టింపైతే బయట బయలులో ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది.

మన చట్టంలో 175 సీసీ దాటిన మోటార్‌సైకిల్‌కి పరిమితి 80 డెసిబెల్స్. 80 నుంచి 175 సీసీకి 77, అంతకన్నా చిన్నవాటికి 75. ఇవి 2005 ఏప్రిల్ నుంచి ఉన్న అంకెలు. కొలిచేది బండి పక్కగా 7.5 మీటర్ల దూరంలో మైకు పెట్టి, థ్రాటిల్ తిప్పి దాటిపోతున్నప్పుడు. సైలెన్సర్ అమ్మేవాళ్లు పెట్టె మీద రాసేదీ, విదేశీ కాగితాల్లో ఉండేదీ చాలావరకు నిలబెట్టిన బండి మూతికి అర మీటరు దూరంలో కొలిచింది. అర మీటరుకీ ఏడున్నర మీటర్లకీ పదిహేను రెట్ల తేడా. ఆ లెక్కన ఒకే శబ్దం సుమారు 23 డెసిబెల్స్ తేడాగా కనబడుతుంది. మూతి దగ్గర 98 చూపించిన బండి, అదే ఆర్‌పీఎంలో, ఏడున్నర మీటర్ల దగ్గర 75 చూపించవచ్చు. రెండు పరీక్షల్లో ఇంజిన్ మీది భారం వేరు కాబట్టి నేరుగా పోల్చడం కుదరదనుకోండి. అయినా 'నాది 90 డెసిబెల్సే' అన్న మాటకి దూరం తెలియకుండా అర్థం లేదు. మీటరు మూతి దగ్గర పెట్టి 'వంద దాటింది' అన్న మాటకీ అంతే.

నడిపేవాడి చెవి సంగతి వేరు. హైవే వేగంలో హెల్మెట్ చుట్టూ గాలి హోరే 90 డెసిబెల్స్ దాటుతుంది. దానికింద సైలెన్సర్ శబ్దం సగం వినబడదు, ఒక్క మూలుగు తప్ప. సింగిల్ సిలిండర్ ఇంజిన్ రెండు చుట్లకోసారి పేలుతుంది. 4500 ఆర్‌పీఎం దగ్గర అంటే సెకనుకి 75 చుట్లు, ముప్పై ఏడున్నర పేలుళ్లు. అంత మంద్ర శబ్దాన్ని హెల్మెట్ ఆపలేదు, ఇయర్ ప్లగ్గులు కూడా పై స్థాయి శబ్దాలను ఆపినంతగా ఆపలేవు. పది నిమిషాల టెస్ట్ రైడులో 'అబ్బ, ఏం బేస్' అనిపించిన సైలెన్సర్, సూర్యాపేట దాటేసరికి తలనొప్పవుతుంది. టెస్ట్ చేస్తే మీరు రోజంతా పోయే వేగంలో కనీసం గంటసేపు చేయాలి.

మోత ప్రాణాలు కాపాడుతుందనే వాదన ఉంది. ఘాట్ మలుపుల్లో లారీ డ్రైవర్‌కి ముందే వినబడుతుందనీ, పక్క లేన్లో కారువాడు అద్దంలో చూసుకోకపోయినా చెవికి తగులుతుందనీ. దగ్గర్లో పక్కగా ఉన్నప్పుడు ఇది కొంతవరకు నిజం కావచ్చు. అవతలి వాదన: సైలెన్సర్ మూతి వెనక్కి ఉంటుంది, ప్రమాదం ఎక్కువగా ముందు నుంచి వస్తుంది. అద్దాలు మూసి, ఏసీ వేసి, పాటలు పెట్టుకున్న కారులోకి ఆ శబ్దం చేరేది ఆలస్యంగానే. నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే మోత కావాలనుకునేవాళ్లలో చాలామంది కోరుకునేది భద్రత కాదు, ఆ డుగ్‌డుగ్ ఇచ్చే ఆనందం. ఆ ఆనందం నాకూ తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికి బండి తీసేటప్పుడు నిద్రలేచే పక్కింటి ముసలాయనకి మాత్రం అందులో వాటా లేదు.

చట్టంలో ఎక్కడ స్పష్టత, ఎక్కడ చిక్కు

మోటారు వాహనాల చట్టం 1988లో మూడు చోట్ల ఈ విషయం తగులుతుంది. సెక్షన్ 52 ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీ వివరాలు తేడాపడేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ కింద అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే సెక్షన్ 190(2): మొదటిసారికి 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ, దానితోపాటు లైసెన్సు మీద మూడు నెలల వేటు. రోడ్డు మీద కట్టించుకునే కాంపౌండింగ్ మొత్తం ఏ రాష్ట్రానికారాష్ట్రం పెట్టుకుంటుంది కాబట్టి తెలంగాణ చలానా, ఆంధ్ర చలానా ఒకటి కాకపోవచ్చు.

బైకర్ల వాదన ఇలా ఉంటుంది: ఆర్‌సీలో సైలెన్సర్ ప్రస్తావనే లేదు, రంగు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉన్నాయి. కాబట్టి 80 డెసిబెల్స్ లోపు ఉండే స్లిప్-ఆన్ మార్పు కిందికే రాదు. అధికారుల వాదన: బండికి అనుమతి వచ్చింది ఆ సైలెన్సర్‌తో చేసిన శబ్దం, పొగ పరీక్షల మీద. దాన్ని మారిస్తే ఆ అనుమతి పునాదే పోయింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు సెక్షన్ 52ని కఠినంగానే చదివింది, కంపెనీ ఇచ్చిన నమూనాకు విరుద్ధమైన మార్పులు కుదరవంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వది సైలెన్సర్ ఉండి తీరాలంటుంది, బండిని శబ్ద ప్రమాణాలకు తగ్గట్టు తయారుచేయడమే కాదు, అలాగే నిర్వహించాలంటుంది. క్యాట్ తీసేసిన బండి విషయంలో అయితే అసలు వాదనే అక్కర్లేదు, అది తప్పే.

చిక్కల్లా అమలు దగ్గర. పోలీసులు రోడ్డు మీద ఆపి ఏడున్నర మీటర్ల పరీక్ష చేయలేరు. చెవితోనో, చేతిలో పట్టే మీటరుతోనో తేలుస్తారు. అందుకే నిశ్శబ్దంగా ఉన్న బయటి సైలెన్సర్‌ని ఒకరు వదిలేస్తారు, ఇంకొకరు ఊడదీయిస్తారు.

'ఇ' ముద్ర యూరప్ అనుమతి. వలయంలో ఇ, పక్కన అనుమతి ఇచ్చిన దేశం నంబరు. ఫలానా మోడల్ బండికి, డీబీ కిల్లర్ లోపలే ఉంటే, అక్కడి పరీక్ష నెగ్గిందని దాని అర్థం. నాణ్యతకి మంచి గుర్తే, ఇక్కడి అనుమతి మాత్రం కాదు. ఆ ముద్రను స్టిక్కర్‌లా అచ్చు వేసి అమ్మే నకిలీలు దేశమంతా దొరుకుతాయి. పొల్యూషన్ సర్టిఫికెట్ చూపిస్తే చాలనుకోవడమూ పొరపాటే. ఆ పరీక్షలో శబ్దం కొలవరు. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ సమయంలో పేచీకి దారి తీయవచ్చు. బండి కంపెనీయే తన యాక్సెసరీల కింద అమ్మే సైలెన్సర్ ఉంటే, అందంలో రాజీ పడినా ఈ తలనొప్పులు చాలావరకు తగ్గుతాయి.

అమెరికాలో హార్లీ కొన్న మనవాళ్లకి

డల్లాస్‌లోనో బే ఏరియాలోనో స్ట్రీట్ గ్లైడ్ లాంటి హార్లీ టూరింగ్ బండి కొన్న తెలుగువాళ్లకు ఈ కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ సంచులు గట్టి పెట్టెలు, బండితోపాటే వస్తాయి, సైలెన్సర్లు వాటి కిందుగా వెనక్కి పోతాయి. కాబట్టి బయటి కంపెనీలు ఆ కొలతకే డబ్బాలు చేస్తాయి, పట్టడం సమస్య కాదు. వేడి మాత్రం సమస్యే, ముఖ్యంగా క్యాట్ ఉన్న కుడి తొడ వైపు. 1986 నుంచి వచ్చిన మోడళ్లకి అక్కడి ఫెడరల్ పరిమితి కూడా 80 డెసిబెల్సే, ఆ పరిమితికి లోబడి ఉందన్న ముద్ర సైలెన్సర్ మీద ఉండాలి. కాలిఫోర్నియా 2013 నుంచి తయారైన బండ్లకు ఆ ముద్ర కనబడేలా ఉండాలని ప్రత్యేకంగా చట్టం చేసింది.

మా సెల్లార్‌లో ఒక ఆదివారం

మా అపార్ట్‌మెంట్‌లో బ్యాంకులో పనిచేసే కుర్రాడు హిమాలయన్ 450 కొన్నాడు. లద్దాఖ్ పోవాలని వాడి ప్లాను. రెండు సైలెన్సర్ల ఫొటోలు పట్టుకొచ్చి 'అన్నా, ఏది తీసుకోమంటావ్?' అన్నాడు. ఒకటి పొట్టిది, కార్బన్ మూతి, ధర తక్కువ. ఇంకోటి పొడుగు స్టీలుది, 'ఇ' ముద్ర, ధర ఎక్కువ.

ముందు వాడి సంచుల్ని పాత పుస్తకాలతో నింపించాను, ఒక్కోదాంట్లో ఎనిమిది కిలోలు. తగిలించి, వాణ్ని సీటు మీద ఎగరమన్నాను. కుడి సంచి అడుగుకీ కంపెనీ సైలెన్సర్‌కీ మధ్య ఖాళీగా ఉన్నప్పుడు ఐదు సెంటీమీటర్లు ఉన్నది మూడుకి వచ్చింది. ఆ పొట్టి డబ్బా పొడవుని అట్టముక్కతో కత్తిరించి పైపుకి టేపుతో అంటించాం. దాని మూతి సంచి వెనక అంచుకన్నా జానెడు ముందే ఆగింది. వాడు ఆ అట్టముక్క వెనక అరచెయ్యి పెట్టి, పైకి చూశాడు. చెయ్యి పైన సంచి. ఇక దాని గురించి మాట్లాడలేదు.

పొడుగుది సరిపోయేలా ఉంది. ఇరుసుకి అడ్డం రాలేదు. మరి కొందామా అంటే, పైన రేకు తొడుగు లేదు, కాబట్టి వేడిని ఆపే రేకు ఒకటి విడిగా చేయించాలి, కమ్మీని రెండు సెంటీమీటర్లు బయటికి వంచాలి. లద్దాఖ్ దారిలో ఎన్ని రాష్ట్రాలు దాటాలో, ఏ రాష్ట్రం పోలీసు చెవి ఎలా ఉంటుందో తెలియదు. వారంటీలో ఉన్న బండి. వాడు కాసేపు లెక్కలు వేసుకుని, కొనడం ట్రిప్పు తర్వాతకి వాయిదా వేశాడు. ఆ డబ్బుతో మంచి రెయిన్ సూటు, రెండు జతల ఇయర్ ప్లగ్గులు కొన్నాడు. పక్క కమ్మీని మాత్రం ఆ సాయంత్రమే వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లి వంచించుకొచ్చాడు.

వచ్చాక ఫోన్‌లో శబ్దం వీడియోలు మళ్లీ చూస్తున్నాడట. వాళ్లమ్మ చెప్పింది.